ఐదు నెలల పిల్లి పిల్ల కాళ్లు కొరికేస్తోంది, తెల్లవారుజామున నిద్ర లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:

మా ఇంట్లో ఐదు నెలల మగ పిల్లి పిల్ల ఉంది, బుజ్జిగాడు అని పిలుస్తాం. ఆరు వారాల వయసులో తెచ్చుకున్నాం. మొదట్లో చేతుల్తోనే ఆడించేవాళ్లం, వేళ్లు కొరికితే ముద్దుగా అనిపించేది. ఇప్పుడు ఆ పళ్లూ గోళ్లూ పెద్దవైపోయాయి, ఇంట్లో నడవాలంటేనే భయంగా ఉంది. సోఫా కింద నక్కి ఉంటాడు, ఎవరైనా అటు వెళ్తే చాలు, ముందు కాళ్లు రెండూ మడమకు చుట్టేసి కొరుకుతూ వెనక కాళ్లతో టకటకా తన్నేస్తాడు. నా పిక్కల నిండా గీతలే. మా అమ్మకి షుగర్ ఉంది, ఆవిడ కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటోంది, గీరితే పుండు మానదేమోనని నాకు టెన్షన్.

సోఫా చేతులు రెండూ పీచు పీచు చేసేశాడు. ఇక తెల్లవారుజామున నాలుగింటికి నా ముఖం మీదుగా నడుస్తాడు, లేవకపోతే బల్ల మీదున్న గ్లాసుని పంజాతో కొంచెం కొంచెంగా అంచు దాకా నెట్టి, ఆగి, నావైపు చూస్తాడు. చేసేది లేక లేచి గిన్నెలో తిండి వేస్తాను, తిని హాయిగా పడుకుంటాడు, నాకు మాత్రం మళ్లీ నిద్ర రాదు.

అరిచి చూశాను, ముక్కు మీద చిన్న దెబ్బ వేశాను, ఎవరో చెప్పారని నీళ్లు స్ప్రే చేశాను. కొరకడం తగ్గలేదు కానీ ఇప్పుడు నన్ను చూస్తే ఒక్కోసారి మంచం కిందికి పరుగెత్తుతున్నాడు, అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు ఇంట్లో. నాకు ఇవ్వడం ఇష్టం లేదు. దారి ఉంటే చెప్పండి.

జవాబు 1:

ముందుగా, ఆ నీళ్ల స్ప్రే, ముక్కు మీద కొట్టడం ఈరోజే ఆపేయండి. కొరకకూడదన్న సంగతి వాటివల్ల వాడికి అర్థం కాదు, మీరు దగ్గరికొస్తే ఏదో జరుగుతుందని మాత్రం గుర్తుంటుంది. మంచం కిందికి పారిపోవడం అందుకే. భయపడిన పిల్లి ఇంకా గట్టిగా కొరుకుతుంది కూడా.

వాడు చెడ్డవాడు కాదండీ, వేటాడుతున్నాడు. పిల్లి పిల్లలు తోడబుట్టినవాటితో కుస్తీ పడుతూనే ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకుంటాయి, ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. అందుకే పన్నెండు వారాలైనా తల్లి దగ్గర ఉంచితే మంచిది అంటారు. మీవాడు ఆరు వారాలకే వచ్చేశాడు, ఆ పాఠం సగంలో ఆగిపోయింది, ఆపైన మనుషుల చేతులే బొమ్మలయ్యాయి. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, దాదాపు అందరం చేసేదే ఇది. కానీ ఇకనుంచి చేతులతో, కాళ్లతో ఆట వద్దు, ఇంట్లో ఒక్కరు కూడా ఆడించకూడదు. ఒకరు ఆడించి ఇంకొకరు కోప్పడితే వాడికి ఏమీ తెలియదు.

దాని బదులు కర్ర చివర ఈకలు కట్టిన బొమ్మ ఒకటి పట్టుకుని రోజుకి రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు ఆడించండి. చాలామంది ఆ ఈకల్ని పిల్లి ముఖం మీద ఊపుతూ ఉంటారు, ఏ ఎలుకా తనంతట తాను పిల్లి నోటి దగ్గరికి రాదు కదా. బొమ్మని వాడికి దూరంగా లాగండి, సోఫా కాలు వెనక్కి పోనివ్వండి, ఆపేయండి, చివర మాత్రం కొంచెం వణికించండి. వాడు పొట్ట నేలకి ఆనించి, వెనక భాగం అటూ ఇటూ ఊపుతూ కళ్లు పెద్దవి చేస్తే మీ ఆట కుదిరినట్టే. మధ్యమధ్యలో పట్టుకోనివ్వండి, చివర్లో తప్పకుండా దొరకాలి. అప్పుడు వెంటనే తిండి పెట్టండి. వేట, పట్టుకోవడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదే పిల్లి ఒంట్లో ఉన్న వరుస. రెండో ఆట మీరు పడుకునే ముందు పెట్టుకోండి. లేజర్ లైటుతో ఆడిస్తే చేతికేమీ చిక్కదు, ఆ కసి మళ్లీ మీ కాళ్ల మీదే తీర్చుకుంటాడు, దాంతోనే ఆడించాలనుకుంటే ఆఖర్లో బొమ్మ ఒకటి పట్టుకోనివ్వండి. ఆట అయ్యాక దారం ఉన్న బొమ్మలన్నీ అల్మరాలో పెట్టేయండి, దారం మింగితే పేగులు ముడుచుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

కాలు పట్టుకున్నప్పుడు లాక్కోకండి. కష్టమే, తెలుసు. లాగితే పారిపోయే ఎలుక అయిపోతుంది మీ కాలు. కదలకుండా నిలబడండి, వదిలాక మాట్లాడకుండా గదిలోంచి బయటికెళ్లి ఒక నిమిషం తలుపేసుకోండి. సోఫా కింద నక్కాడని ముందే తెలిస్తే అటు నడిచేముందే చిన్న బంతి ఒకటి ఇంకోవైపు విసరండి.

నాలుగింటి సంగతి. తెల్లవారుజాము, సాయంసంధ్య, ఈ రెండు వేళల్లో పిల్లులు చురుగ్గా ఉంటాయి, అది సహజం. కానీ మిమ్మల్ని లేపితే తిండి వస్తుందని మీ చేతులతోనే నేర్చుకున్నాడు. టైమర్ పెట్టే ఫీడర్ దొరికితే వాడు లేపే వేళకి కొంచెం ముందుగా అదే తెరుచుకునేలా పెట్టండి, తిండికీ మీకూ సంబంధం తెగిపోతుంది. లేకపోతే లేచిన వెంటనే పెట్టడం మానేసి, మొహం కడుక్కుని ఇంకో పని ఏదైనా చేసుకున్నాక పెట్టండి. మానేసిన మొదటి కొన్ని రోజులు గోల పెరుగుతుంది, తగ్గేముందు అలాగే పెరుగుతుంది. అయిదో రోజు ఓపిక పోయి పెట్టారంటే అంతసేపు అరవాలన్నమాట అని నేర్చుకుంటాడు. గ్లాసులు మాత్రం రాత్రికి తీసేయండి.

జవాబు 2:

సోఫా గురించి నేను చెప్తాను. గీకడం పిల్లికి అవసరం, గోళ్ల మీది పాత పొర ఊడిపోవాలి, ఒళ్లు సాగాలి, పంజాల్లోంచి తన వాసన అక్కడ వదలాలి. కాబట్టి మాన్పించలేం, చోటు మార్చగలం. నార తాడు చుట్టిన స్తంభం, వాడు వెనక కాళ్ల మీద నిలబడి పూర్తిగా ఒళ్లు విరుచుకునేంత ఎత్తు, ఎంత లాగినా ఊగనిది. ఊగిందంటే ఇక ముట్టుకోడు, మా ఇంట్లో మొదటిది అలాగే మూలన పడింది. దాన్ని కనబడకుండా ఎక్కడో పెట్టకుండా, ఇప్పుడు గీకుతున్న సోఫా చేతి పక్కనే పెట్టండి. సోఫాకి కొన్నాళ్లు జిగురుండే టేపు అంటించండి, ఆ జిగురు వాటికి నచ్చదు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇంకా చేయించకపోతే డాక్టర్‌తో మాట్లాడండి, ఐదు నెలలంటే సరైన వయసే. ఆలస్యమైతే గోడల మీద మూత్రం చిమ్మడం మొదలవ్వొచ్చు.

జవాబు 3:

రెండో పిల్లి పిల్లని తెచ్చుకోండి. మాకు అదే మందు అయింది. ఇద్దరూ ఒకరినొకరు కొరుక్కుంటారు, మనల్ని వదిలేస్తారు.

జవాబు 1:

మీ ఇంట్లో కుదిరినందుకు సంతోషం, నిజంగానే చాలా చోట్ల కుదురుతుంది, ముఖ్యంగా రెండూ ఒకే ఈడువైతే. కానీ ఇప్పుడు వద్దంటాను. ఒకదానితోనే ఇంట్లోవాళ్లు ఇచ్చేద్దాం అంటున్నారు, కుదరకపోతే రెండు జీవులు ఇల్లు వెతుక్కోవాలి. ముందు ఇది దారిలో పడనీండి.

జవాబు 4:

అమ్మగారికి షుగర్ అన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను. పిల్లి పన్ను సన్నగా, లోతుగా దిగుతుంది, పైన చిన్న చుక్కలా కనబడి మూసుకుపోతుంది, లోపల క్రిములు ఉండిపోతాయి. కొరికినా రక్కినా వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, అదేరోజు డాక్టర్‌కి చూపించండి, రేబీస్ సంగతి అడగండి. ఎరుపు పాకినా, వాచినా ఆలస్యం అసలు వద్దు. బుజ్జిగాడికి రేబీస్ టీకా వేయించారో లేదో కూడా చూసుకోండి. గోళ్ల కొన మాత్రం వారం, రెండు వారాలకోసారి కత్తిరించండి, లోపల గులాబీ రంగులో కనబడే భాగం జోలికి పోవద్దు, రక్తం వస్తుంది.

ఇంకోటి, పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసు ఇది, ఆరు నెలలకల్లా ముప్ఫై పళ్లూ వచ్చేస్తాయి. చిగుళ్లు సలిపి కూడా కొరుకుతాడు, మెత్తటి నమిలే బొమ్మ ఇవ్వండి. మగపిల్లి కాబట్టి ఎప్పుడైనా మలమూత్రాల ట్రేలో పదేపదే కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే దాన్ని అల్లరనుకోవద్దు, మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు, ప్రాణం మీదికొస్తుంది, ఆ గంటలోనే తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత:

అందరికీ థ్యాంక్స్. అమ్మ కాలి మీది గీతలు ఆ రోజే డాక్టర్‌కి చూపించాను, ఏమీ కాలేదు. బుజ్జిగాడికి ఆపరేషన్ వచ్చే వారం.

నాలుగు రోజులు మాత్రం నిజంగా భరించలేకపోయాను, తలుపు అవతల గంటసేపు అరిచాడు, ఆరో రోజు నుంచి తగ్గింది. ఇప్పుడు ఆరింటి దాకా పడుకుంటున్నాడు, అన్ని రోజులూ కాదు. సోఫా ఇంకా గీకుతాడు, కానీ స్తంభం దగ్గరే ఎక్కువ. కొరకడం రోజుకి ఒకటి రెండుసార్లు ఉంది, అదీ నేను సాయంత్రం ఆట మర్చిపోయిన రోజున.

మంచం కిందికి పారిపోవడం ఆగిపోయింది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం. నిన్న అమ్మ కాళ్లు కిందికే పెట్టుకుని కూర్చుంది, ఒళ్లో నాలుగు కాగితపు ఉండలు పెట్టుకుని, వాడు సోఫా కిందినుంచి తల బయటపెట్టినప్పుడల్లా ఒకటి గది అవతలికి విసురుతోంది.