రొమ్ము క్యాన్సర్ మందు పాల్బోసిక్లిబ్ వేసినా ఎంసీఎఫ్-7 (ల్యాబ్‌లో పెంచే రొమ్ము క్యాన్సర్ సెల్స్) చావట్లేదు, తప్పెక్కడ?

గుంటూరమ్మాయి:
పీహెచ్‌డీ రెండో ఏడు. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో వెల్‌కి 8,000 ఎంసీఎఫ్-7 సెల్స్ వేసి, మర్నాడు పాల్బోసిక్లిబ్ పెట్టి, 48 గంటలకి ఎంటీటీ (బతికున్న సెల్స్‌ని రంగుతో అంచనా వేసే టెస్ట్) చేస్తున్నాను. 1 మైక్రోమోలార్ దగ్గర కూడా కంట్రోల్‌లో (డ్రగ్ వెయ్యని వెల్స్‌లో) వచ్చేదానికి 68 శాతం రీడింగ్ వస్తోంది. మూడుసార్లు చేసినా అంతే. డ్రగ్‌ని కరిగించే డీఎంఎస్ఓ అన్ని వెల్స్‌లో 0.1 శాతమే. కొత్త వయల్ కూడా తెరిచాను. మా సార్ వేరే డ్రగ్ చూసుకోమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. మా పెద్దమ్మ లెట్రోజోల్ అనే హార్మోన్ మందుతో పాటు ఇదే మందు వాడుతోంది, 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతుంది. ఆవిడకి పనిచేస్తున్నది నా ప్లేట్‌లో ఎందుకు చెయ్యదు?

కల్చర్‌రూమ్ అక్క:
డ్రగ్ మార్చకమ్మా. నేనూ ఇక్కడే ఆర్నెల్లు పోగొట్టుకున్నాను.

పాల్బోసిక్లిబ్ సెల్‌ని చంపడం కంటే ఆపడమే ఎక్కువ. సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు రెండూ, విభజనకి బ్రేకులా ఉండే ఆర్‌బీ ప్రొటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తేనే సెల్ జీ1 (డీఎన్‌ఏ కాపీకి ముందు దశ) దాటి డీఎన్‌ఏ కాపీ చేసుకుంటుంది. ఆ రెండింటినీ అడ్డుకుంటే సెల్ బతికే ఉంటుంది, జీ1లో నిలబడిపోతుంది. ఎంసీఎఫ్-7 రెట్టింపవడానికే ఒక రోజు పైన పడుతుంది. 48 గంటల్లో నీ కంట్రోల్ ఒక్కసారి రెట్టింపైందనుకో, డ్రగ్ మొదటి నిమిషం నుంచే మొత్తం ఆపేసినా నీకు 50 శాతం కనిపిస్తుంది. అంతకన్నా కిందికి ఎలా దిగుతుంది?

ఇంకోటి. ఎంటీటీ సెల్స్‌ని లెక్కపెట్టదు. పసుపు రంగు ఊదాగా మారడం సెల్ లోపలి ఎంజైముల పని. ఆగిన సెల్స్ విభజన కాకుండా లావెక్కుతూనే ఉంటాయి, ఒక్కోటీ ఎక్కువ రంగు ఇస్తుంది. అందుకే 68. తక్కువ సెల్స్‌తో మొదలుపెట్టి ఆరు రోజులు ఉంచు, ట్రిప్సిన్‌తో సెల్స్‌ని ప్లేట్ నుంచి ఊడదీసి, చచ్చినవాటికే ఎక్కే నీలం రంగు ట్రిపాన్ బ్లూతో లెక్కపెట్టు. వెస్టర్న్‌లో (ప్రొటీన్లని చూసే టెస్ట్) ఫాస్ఫో ఆర్‌బీ, అంటే సెరీన్ 807/811 చోట ఫాస్ఫేట్ తగిలిన ఆర్‌బీ, ఎంతుందో చూడు. ముందు మైక్రోస్కోప్ కింద చూడమ్మా, ప్లేట్ రీడర్ దగ్గరికి తర్వాత వెళ్దువుగాని.

ఊదారంగు:
ఎండీఏ-ఎంబీ-468 అనే ఇంకో రకం రొమ్ము క్యాన్సర్ సెల్స్‌ని కూడా పోలికకి పక్కన పెట్టండి. వాటిలో ఆర్‌బీ లేదు, కాబట్టి ఈ డ్రగ్‌కి ఆగకూడదు. అవి కూడా ఆగిపోతే మీ డోస్ మరీ ఎక్కువైనట్టు. వీలైతే మీ సెల్స్ నిజంగా అవేనా అని డీఎన్‌ఏతో తేల్చే ఎస్‌టీఆర్ టెస్ట్ కూడా చేయించండి. ఎండీఏ-ఎంబీ-435ని ఏళ్ల తరబడి బ్రెస్ట్ క్యాన్సర్ అనుకుని వాడారు, తీరా చూస్తే మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్.

గుంటూరమ్మాయి:
అక్కా, తొమ్మిది రోజులకి రాస్తున్నా. ఆరు వెల్ ప్లేట్, వెల్‌కి 50,000తో మొదలుపెట్టాను. ఆరో రోజుకి కంట్రోల్‌లో 5 లక్షల 60 వేలు, డ్రగ్ వెల్‌లో 90 వేలు. నీలం ఎక్కిన సెల్స్ రెంటిలోనూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కంట్రోల్‌వి గులకరాళ్లలా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. డ్రగ్ పడ్డవి అట్టులా పల్చగా పరుచుకుని, ఒక్కోటీ రెండు మూడు సెల్స్ చోటు ఆక్రమించింది. మా సార్ ఐపీస్ దగ్గర చాలాసేపు నిలబడి, "వెస్టర్న్‌కి లైసేట్ తీసిపెట్టు" అన్నారు, అంటే సెల్స్ పగలగొట్టి తీసే ప్రొటీన్ రసం. 468 వయల్ ఈరోజే నైట్రోజన్ ట్యాంకులోంచి తీశాను.