హోషూకో ఉందోకాయ్: మైదానం దొరకడం లేదు

సమన్వయకర్త, మంగళవారం
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మన హోషూకో (విదేశాల్లో ఉండే పిల్లలకు శనివారాలు జపనీసులో పాఠాలు చెప్పే బడి) పిల్లల ఉందోకాయ్, అంటే ఆటల పోటీల రోజు. తెలుగు కుటుంబాల వంతుకు వచ్చినవి తమాయిరె (ఎత్తున ఉన్న బుట్టలోకి బంతులు విసిరే ఆట) బంతులు, ఎరుపు తెలుపు టోపీలు, తాడు, మంచినీళ్లు. ఎవరు ఏది తీసుకుంటారో గురువారంలోగా రాయగలరు.

రెండో తరగతి తల్లి
తిరగేస్తే రంగు మారే టోపీలు నేను కుడతాను.

సమన్వయకర్త, బుధవారం
మనం శనివారాలు గదులు అద్దెకు తీసుకునే బడివారు, కొత్తగా పరచిన పచ్చిక వేరూనేదాకా మైదానంలోకి ఎవరినీ రానివ్వబోమని ఇప్పుడే తెలియజేశారు. పార్కు మైదానం ఖాళీగానే ఉంది కానీ అద్దె 600 డాలర్లు. మన చేతిలో ఉన్నవి 210.

ఆరో తరగతి తండ్రి
పుస్తకాల నిధి నుంచి తీసుకుని తరువాత జమ చేద్దాం. మా అబ్బాయికి ప్రాథమిక తరగతుల్లో ఇదే చివరి ఉందోకాయ్, రిలేలో ఆఖరి పరుగు వాడిదే.

కోశాధికారి
అందుకు నేను ఒప్పుకోను. జపాను పౌరసత్వం ఉన్న పిల్లలకు అక్కడి ప్రభుత్వం విదేశాల్లో కూడా పాఠ్యపుస్తకాలను ఉచితంగా ఇస్తుంది. టోక్యోలోని నిషికసాయిలో కొన్నేళ్లు పెరిగి ఇక్కడికి వచ్చిన మన పిల్లలకు ఆ హక్కు లేదు కనుకనే, కొకుగో (జపనీసు భాష) పుస్తకాలు కొనడానికి ఆ నిధి కూడబెట్టాం. రెండో భాగం పుస్తకాలు ఈ నెలలోనే తెప్పించాలి.

ఆరో తరగతి తండ్రి
అయితే వాయిదా వేయండి. లెక్కల మాట వచ్చిన ప్రతిసారీ పిల్లల ముచ్చటే వెనక్కి పోతోంది, ఇది నాకు చాలా బాధగా ఉంది.

ఒకటో తరగతి సహాయకురాలు
వాయిదా వేస్తే ఇంకో శనివారం పాఠాలు పోతాయి. జపానులో పిల్లలు వారమంతా చదివేదాన్ని మనం ఏడాదికి 40 పైచిలుకు శనివారాల్లో నడిపించాలి. ఒకటో తరగతికి 80 కాంజీలు (జపనీసు రాతలో వాడే చైనా అక్షరాలు), రెండో తరగతికి 160. వారం మధ్యలో ఇంగ్లిషు బడికి వెళ్లివచ్చి అలసిన పిల్లలు రాత్రిళ్లు కూర్చుని దిద్దుతున్నారు. జిమ్ మన అద్దెలోనే కలిసి ఉంది కదా, అక్కడే జరుపుదాం. అందరికీ ఉవాబాకి (లోపల మాత్రమే వేసుకునే బూట్లు) ఉన్నాయి కాబట్టి నేల పాడవుతుందన్న అభ్యంతరం కూడా రాదు.

ఆరో తరగతి తండ్రి, గురువారం
కోశాధికారి గారూ, రాత్రి తొందరపడి రాశాను, మన్నించండి. జిమ్‌లో రిలే మలుపు దగ్గర పిల్లలు గోడకు కొట్టుకోకుండా పరుపులు అడ్డం పెట్టాలి. ఉదయం 7 గంటలకే వచ్చి ఆ పని చూస్తాను.

కోశాధికారి
మనసులో ఏమీ పెట్టుకోలేదండీ. అక్కడ సున్నంతో గీతలు వేయలేం కనుక ఆ 210లో నేలకు అంటించే రంగు టేపు కొంటాను.

రెండో తరగతి తల్లి
గట్టి బంతులు పైనున్న దీపాలకు తగులుతాయి, అందుకని పాత మేజోళ్లను ఉండలు చుడుతున్నాను. టోపీలు పద్నాలుగే అయ్యాయి. మిగతా పిల్లల తలలకు రిబ్బన్లు కడదాం.

సమన్వయకర్త
నున్నటి నేల మీద జారతారు కనుక తాడు పోటీ మానేద్దాం. జిమ్‌లో తినడానికి అనుమతి లేదు. ఒనిగిరీలు (అన్నం ముద్దలు) వరండాలో కూర్చుని తినాలి. కింద పరచడానికి ఎవరి దగ్గర ఏమున్నాయి?

ఒకటో తరగతి సహాయకురాలు
మా ఇంట్లో రెండు పెద్ద జంపఖానాలు ఉన్నాయి, తెస్తాను.