రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే కేసు పెట్టాలా, వద్దా?

పరకాల రోడ్డు ప్రయాణికుడు:
డిసెంబర్‌లో ఒకరోజు తెల్లవారుజామున కాజీపేటలో రైలు అందుకోవాలని బండి మీద బయల్దేరాను. పొగమంచు. ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కళ్లల్లో పడ్డాయి. లారీ దాటిపోయిందో లేదో, నా ముందు చక్రం వడ్ల కుప్ప ఎక్కేసింది. కుప్ప మీద నల్ల టార్పాలిన్, చుట్టూ తలకాయంత బండరాళ్లు. తారు నలుపే, పరదా నలుపే. మోచెయ్యి విరిగి నెలరోజులు కట్టుతో ఉన్నాను. మామూలుగా మా పాప నా వెనకే కూర్చుంటుంది. ఆ రోజు లేదు కాబట్టి సరిపోయింది.

దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మరి ఎందుకు వేయరు? కేసు పెట్టాల్సిందే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

నర్సంపేట రైతుబిడ్డ:
సార్, మీ చెయ్యి విరిగినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ మా సంగతి కూడా వినండి. ఒకప్పుడు వరి కోసి, పొలంలో పరిచిన మెదలు ఆరాక కట్టలు కట్టి కల్లానికి తెచ్చేవాళ్లం. ఇప్పుడు కూలీలు దొరకరు, అంతా కోత మిషనే. మిషన్ నుంచి పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో పడతాయి. కొనుగోలు సెంటర్లో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. మా నాన్న గింజ పంటి కింద పెట్టి కొరికి "ఆరినయ్" అంటాడు, తేమ కొలిచే మిషన్ 19 చూపిస్తుంది. మళ్లీ రెండు రోజులు ఎండబెట్టాలి. పొద్దున తొమ్మిది దాకా మంచు వదలదు, నాలుగు దాటితే ఎండలో పస ఉండదు.

జాగా లెక్క చూడండి. ఎకరానికి 25 క్వింటాళ్లు అనుకుందాం. అంగుళం మందాన పరిస్తే సుమారు 170 చదరపు మీటర్లు కావాలి. ఊరి రోడ్డు 3.75 మీటర్ల వెడల్పు. సగం రోడ్డే వాడినా ఎకరానికి 90 మీటర్ల పొడవు పడుతుంది. మూడెకరాల రైతు ఎక్కడికి పోవాలి? పొలం ఇంకా బురదగానే ఉంటుంది, సెంటర్లో ముందొచ్చిన వాళ్ల రాశులే కదలవు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు వరంగల్ మునిగినప్పుడు మా వడ్లూ తడిశాయి. అప్పుడు ఎండకు ఆ తారు రోడ్డే మాకు దిక్కయింది. కేసు పెడితే ముందు మా నాన్న మీదే పెట్టాలి.

హుజూరాబాద్ వాసి:
అసలు వడ్లు ఆరబోసుకునే కల్లాలు కట్టి ఇస్తే ఈ గొడవే ఉండదు. ఉపాధి హామీ డబ్బుతో కట్టినవాటికి 151 కోట్లు వెనక్కి ఇవ్వాలని కేంద్రం అడిగింది, 2022 డిసెంబర్‌లో దాని మీద ధర్నాలు జరిగాయి. కేంద్రం, రాష్ట్రం కొట్లాడుకున్నాయి, రైతు రోడ్డు మీదే ఉన్నాడు.

జగిత్యాల నుంచి ఒంటారియో:
ఇక్కడ కెనడాలో రోడ్డు మీద పడేది మంచు, అక్కడ వడ్లు. మంచును ఎవరూ కోరి తెచ్చుకోరు, వడ్లు బతుకుదెరువు. ఆ తేడా నాకు తెలుసు. అయినా ఒక్క మాట చెప్తాను. ఇక్కడ మున్సిపాలిటీల రోడ్లను రద్దీని బట్టి, వేగాన్ని బట్టి తరగతులు చేశారు. మంచు పెద్ద రోడ్ల మీద 2.5 సెంటీమీటర్లు చేరితే నాలుగు గంటల్లో, ఐదో తరగతి పల్లె రోడ్ల మీద 10 సెంటీమీటర్లు చేరితే 24 గంటల్లో తీయాలని ప్రమాణం రాసి పెట్టారు. ఇంటి ముందు మంచు తీసి రోడ్డు మీదికి తోస్తే మాత్రం తప్పే.

మన దగ్గర కూడా అలా రాసి పెట్టాలి. ఏ రోడ్డు మీద అసలు పోయకూడదు, ఏ రోడ్డు మీద ఒక పక్కన పగటిపూట పోసుకోవచ్చు, ఎన్ని గంటలకు ఎత్తేయాలి, ఎత్తి ఎక్కడ పెట్టాలి. ఆ చివరిది చూపించాల్సింది పంచాయతీ. జాగా చూపించకుండా జరిమానా వేయడం అన్యాయం. చూపించాక కూడా రాత్రి కుప్ప రోడ్డు మీదే ఉంటే మాత్రం వేయాల్సిందే.

నర్సంపేట రైతుబిడ్డ:
రోజూ సాయంత్రం కుప్ప చేసి రోడ్డు దించాలి, పొద్దున మళ్లీ పరవాలి. నలుగురు మనుషులు కావాలి అన్నా. మా ఇంట్లో ఉన్నది అమ్మానాన్నే. ఆ కూలి ఎవరిస్తారు?

పరకాల రోడ్డు ప్రయాణికుడు:
తమ్ముడూ, ఆ 90 మీటర్ల లెక్క చదివాక పగటిపూట కేసు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పగలైతే దూరం నుంచే కనిపిస్తాయి, మెల్లగా పక్క నుంచి పోతాం. రాత్రి కుప్ప విషయంలో మాత్రం నేను మారను. కూలి సంగతి నువ్వు అడిగింది న్యాయమే, అది పంచాయతీ భరించాలి. అదయ్యేలోపు ఈ సీజన్‌లోనే ఒక్కటి చేయండి: ఆ బండరాళ్లు తీసేసి తెల్ల యూరియా సంచుల్లో ఇసుక నింపి పెట్టండి. నా మోచెయ్యి విరిగింది వడ్ల మీద పడి కాదు, రాయి మీద పడి.