జాతీయ టీవీ అవార్డు వచ్చిందని ఫోన్, ₹24,500 కట్టమంటున్నారు. కట్టొచ్చా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు గొల్లపల్లి వీణల పనివాళ్ల మీద 14 నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. విజయనగరం లోకల్ కేబుల్‌లో రెండుసార్లు వేశారు. ఏ పోటీకీ మాత్రం పంపలేదు. నిన్న ఢిల్లీ నుంచంటూ ఫోన్ వచ్చింది. జాతీయ టెలివిజన్ అవార్డుకి ఎంపికయ్యాడట, మంత్రిగారి చేతుల మీదుగా ఇస్తారట. రిజిస్ట్రేషన్‌కీ, జ్ఞాపికకీ కలిపి ₹24,500 రేపు సాయంత్రంలోగా యూపీఐ చెయ్యాలట. వాడు సంతోషంతో రాత్రంతా నిద్రపోలేదు. నాన్న అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు ఇలాంటి అవార్డు ఉందా?

జవాబు (చీపురుపల్లి నుంచి)

అమ్మా, ముందు ఆ గొలుసు బీరువాలోంచి తియ్యొద్దని నాన్నగారికి చెప్పండి. హైదరాబాద్‌లో 12 ఏళ్లు టీవీ ఎడిటింగ్ చేశాను, తెలిసింది చెప్తాను.

కేంద్ర ప్రభుత్వం 1954 నుంచి ఇస్తున్నవి జాతీయ చలనచిత్ర అవార్డులు. డాక్యుమెంటరీలకీ అందులో చోటుంది. కానీ దానికి సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, దరఖాస్తు పెట్టుకోవాలి. గెలిచినవాళ్లకి ప్రభుత్వమే పతకం, నగదు ఇస్తుంది, వాళ్ల దగ్గర తీసుకోదు. ఇక టీవీ వరకే చూస్తే, ఇండియన్ టెలివిజన్ అకాడమీ అవార్డులు, ఇండియన్ టెలీ అవార్డులు పేరున్నవి. రెండూ 2001లో మొదలయ్యాయి, రెండూ ప్రైవేటువే. మన రాష్ట్రంలో టీవీ నందులు ఉండేవి, వాటిలో డాక్యుమెంటరీలకీ బహుమతులు ఇచ్చేవారు.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఎంట్రీ ఫీజు అడగడం తప్పు కాదు, చాలా పెద్ద పోటీల్లోనూ ఉంటుంది. అయితే అది ఫలితం తెలియకముందు, దరఖాస్తుతో పాటు, పోటీకి వచ్చిన అందరూ కట్టేది. "మీరు గెలిచారు, ఇప్పుడు కట్టండి" అన్నారంటే అమ్ముతున్నట్టే. పైగా తమ్ముడు ఎక్కడికీ పంపలేదంటున్నారు. పంపనిదాన్ని ఏ జ్యూరీ చూసినట్టు? ఆ మాటే అడగండి. జ్యూరీలో ఎవరున్నారో, నిరుడు ఎవరికి ఇచ్చారో కాగితం మీద పంపమనండి.

డబ్బు ఇప్పటికే పంపేసుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

మా వదినకి ఇలాగే జరిగింది. లోకల్ ఛానల్లో వంటల ప్రోగ్రామ్ చేసేది. ₹12,000 కట్టి, పలాసలో రైలెక్కి, రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాం. హోటల్ హాల్లో వందకు పైగా జనం, అందరికీ ఒకే రకం షీల్డు. పేరు కూడా తప్పు చదివారు. తిరిగొచ్చాక ఆవిడ ఆ ప్రోగ్రామే మానేసింది. డబ్బు పోయిందని కాదు, తన వంటని ఎవరూ చూడకుండానే బహుమతి ఇచ్చారని. మీ తమ్ముడికి ఆ బాధ రానివ్వకండి అక్కా.

ప్రశ్న అడిగినవారు

జ్యూరీ గురించి అడిగాను. ఫోన్ పెట్టేశారు, మళ్లీ ఎత్తలేదు. గొలుసు జాగ్రత్తగానే ఉంది. కానీ తమ్ముడు పొద్దున్నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. వాడి పని నిజంగా పంపదగ్గ చోటు ఏదైనా ఉంటే చెప్తారా?

జవాబు (చీపురుపల్లి నుంచి)

ఉంది. డాక్యుమెంటరీలకీ, షార్ట్ ఫిల్ములకీ అని ప్రత్యేకంగా ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం 1990 నుంచి జరుగుతోంది. తిరువనంతపురంలోనూ అలాంటిదే ఒకటి ఉంది. ఎంట్రీలు తెరిచినప్పుడు వాళ్ల సొంత వెబ్‌సైట్లోనే నియమాలు చదివి పంపమనండి. ఇప్పుడు చెయ్యాల్సింది సబ్‌టైటిళ్లు. కేబుల్‌కి ఇచ్చిన కాపీ కాకుండా ఒరిజినల్ ఫైల్ మీద వెయ్యమనండి. పనస దుంగ తొలవడం నుంచి మైనం మీద మెట్లు కూర్చడం దాకా పనివాళ్లు వాడే మాటలుంటాయి కదా, కుండ, దండి, యాళి అని, వాటిని అలాగే ఉంచి పక్కన చిన్న వివరణ రాయాలి. రాయడానికి తోడు కావాలంటే ఆదివారం నేను బొబ్బిలి వస్తాను.