ట్రోండ్‌హ్యెమ్, నిదారోస్, ట్రోండ్‌హైమ్: మూడూ ఒకే ఊరా?

శైలజ: మా తాతగారి స్టాంపుల ఆల్బమ్ సర్దుతున్నాను. నార్వే పేజీలో మూడు కవర్లున్నాయి. తపాలా ముద్రల్లో ఒకదాని మీద ట్రోండ్‌హ్జెమ్ (ఇలాగే పలుకుతారా?), ఒకదాని మీద నిదారోస్, ఇంకోదాని మీద ట్రోండ్‌హైమ్ అని ఉంది. సంవత్సరాలు అరిగిపోయాయి. వేర్వేరు ఊళ్లుగా పెట్టాలా?

మురళి: మూడూ ఒకే ఊరండీ. 997లో రాజు ఓలావ్ ట్రుగ్వాసన్ స్థాపించాడని చెప్పే రేవు పట్టణం. నిద్ అనే ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది కాబట్టి నిదారోస్ అన్నారు. ‘ఓస్’ అంటే మొగ. మన కాకినాడలో ఏటిమొగ ఉంది చూడండి, అచ్చం అదే పేరు.

ట్రోండ్‌హైమ్ అనేది మొదట ఊరి పేరు కాదు, చుట్టుపక్కల ప్రాంతమంతటి పేరు. ‘హైమ్’ అంటే ఇల్లు, నివాసం. ట్రోండర్ జనం ఉండే సీమ అన్నమాట. ఆ జనం పేరును ‘వృద్ధి చెందడం’ అనే పాత నార్స్ (ఆ ప్రాంతపు ప్రాచీన భాష) క్రియతో ముడిపెడతారు. ప్రాంతం పేరే రానురాను ఊరికి అంటుకుంది. నార్వే 1814 దాకా డెన్మార్క్ కింద ఉండటంతో రాతలో డేనిష్ పద్ధతిలో ట్రోండ్‌హ్యెమ్ అయింది.

అసలు గొడవ తర్వాతే. 1925లో రాజధాని క్రిస్టియానియా పేరు ఓస్లో అయ్యాక, ఇక్కడా పాత పేరు నిదారోస్ తేవాలని పార్లమెంటు పట్టుబట్టింది. 1928లో ఊళ్లో ఓటింగ్ పెడితే జనం భారీగా ట్రోండ్‌హ్యెమ్‌కే వేశారు. అయినా వినకుండా 1930 జనవరి 1 నుంచి నిదారోస్ చేశారు! జనం ఊరుకోలేదు. 1931 మార్చి 6న రాజీ కుదిరింది: నిదారోస్ పోయి మునుపటి పేరే వచ్చింది, చివర మాత్రం డేనిష్ ‘హ్యెమ్’ బదులు నార్వేజియన్ ‘హైమ్’.

శైలజ: అయితే నిదారోస్ కవరు 1930-31దేనా? అరుదైనదా?

మురళి: ముందు ఆ పేరు తపాలా ముద్రలోనే ఉందో, కవరు మీద అచ్చయిన చిరునామాలో ఉందో చూడండి. అక్కడి చర్చి, బిషప్ పీఠం ఇప్పటికీ నిదారోస్ పేరుతోనే ఉన్నాయి. చిరునామాలో అయితే ఏ సంవత్సరందైనా కావచ్చు. ముద్రలోనే ఉంటే ఆ పద్నాలుగు నెలలదని గట్టిగా అనుకోవచ్చు. అంటించిన స్టాంపు ఎప్పటిదో కూడా చూడండి. సెయింట్ ఓలావ్ (ఊరు స్థాపించిన ఓలావ్ కాదు, తర్వాతి రాజు) మరణానికి 900 ఏళ్లయిన సందర్భంగా 1930లో ప్రత్యేక స్టాంపులు వేశారు, అవైతే ఇంకా బాగా సరిపోతుంది. స్టాంపు మాత్రం నానబెట్టి ఊడదీయకండి. ముద్ర సగం కవరు మీదే ఉంటుంది, విడిపోతే ఈ కథంతా పోతుంది. ధర సంగతి చూడకుండా చెప్పలేను.

వాసు: పలకడం గురించి అడిగారుగా: ‘హ్జె’ కాదు, ‘యె’. ‘డ్’ కూడా పలకరు, ట్రొన్‌యెమ్ అంటారు. ఇప్పటి పేరు ట్రొన్‌హైమ్. జర్మన్ ఆక్రమణ కాలం, అంటే 1940-45 నాటి కాగితాల్లో డ్రోంట్‌హైమ్ అని కనిపిస్తే కంగారు పడకండి, అదీ ఇదే ఊరు.