పాత పసుపు ఈట్రెక్స్‌ని కొండకి తీసుకెళ్లొచ్చా, ఫోన్ చాలా?

తడిచెప్పులు: మా మావయ్య 2003లో కొన్న గార్మిన్ ఈట్రెక్స్ (చేతిలో పట్టే జీపీఎస్ డబ్బా) బీరువాలో దొరికింది. పసుపు రంగుది, మ్యాప్ ఉండదు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే ఆన్ అయింది. డాబా గోడ మీద పెడితే చాలాసేపటికి లొకేషన్ చూపించింది గానీ తారీఖు 2006 ఏప్రిల్ 30 అంటోంది. ఇవాళ 2025 డిసెంబర్ 14. వచ్చే నెల పాడేరు వైపు కొండలకి వెళ్తున్నాం. తారీఖే తప్పు చూపేదాన్ని దారికి నమ్మొచ్చా?

కొండదారి: నమ్మొచ్చు. తప్పు తారీఖుదే, లొకేషన్‌ది కాదు. ఉపగ్రహాలు వారం లెక్కని పది బిట్లలో పంపిస్తాయి, అందులో సున్నా నుంచి 1023 దాకే పడుతుంది. 1024 వారాలకోసారి అది మళ్లీ సున్నాకి వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి వచ్చింది. ఆ రెండోది నీ డబ్బాకి తెలీదు, అంతే. అది చూపించే తారీఖుకి 1024 వారాలు కలిపి చూడు, సరిగ్గా ఇవాళే వస్తుంది. చాలా ఏళ్లు మూలన పడి ఉంది కాబట్టి ఆకాశం బాగా కనిపించే చోట ఓ ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచు. ఉపగ్రహాల పట్టిక మొత్తం దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది.

నేను 2004 నుంచి ఇదే వాడుతున్నా. వానలో తడి చేత్తో కూడా బటన్ పనిచేస్తుంది. సెల్స్ అయిపోతే సంతలో కిరాణా కొట్లో దొరుకుతాయి. ఫోన్ టచ్ మీద నీళ్లు పడితే ఏం చేస్తారో చెప్పండి.

గుంటూరుశ్రీ: సెకండ్ హ్యాండ్‌లో ఎంత పడుతుందండీ ఇప్పుడు?

ఎర్రమట్టి: కొత్తవాళ్లకి ఈ సలహా ఇవ్వకండి మాస్టారూ. ఆ డబ్బా ఒక్క జీపీఎస్ ఉపగ్రహాలనే పట్టుకుంటుంది. ఇప్పటి ఫోన్లు రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాల్ని కూడా పట్టుకుంటాయి. చెట్ల కిందికి, లోయలోకి దిగితే పాత ఈట్రెక్స్ సిగ్నల్ వదిలేస్తుంది. అందుకే కదా గార్మిన్ వాళ్లే 2007లో ఎక్కువ సెన్సిటివిటీతో ఈట్రెక్స్ హెచ్ తెచ్చారు. ఫోన్‌లో ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకుంటే టవర్ లేకపోయినా పనిచేస్తుంది. ఒక పవర్ బ్యాంక్ చాలు.

నాకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. పోయిన జనవరిలో రెండు జట్లుగా వెళ్లాం. ముందు జట్టు పెద్దాయన తన పసుపు డబ్బాలో చూసి క్యాంపు చోటు గ్రూపులో పెట్టారు. అది ఫోన్‌లో కొట్టుకుని వెళ్తే మేం గెడ్డకి (వాగుకి) అవతల తేలాం. రాత్రి తొమ్మిదింటి దాకా మా చెల్లి చలికి వణుకుతూ రాయి మీద కూర్చుంది.

కొండదారి: ఆ పెద్దాయన్ని నేనే. పేరు చెప్పకుండా అన్నావు కాబట్టి నేనే చెబుతున్నా. డబ్బా సరిగ్గానే చూపించింది. అక్షాంశం 18 డిగ్రీల 04.500 నిమిషాలు. నువ్వు దాన్ని 04 నిమిషాల 50 సెకన్లు అని కొట్టావు. నిమిషంలో సగం అంటే 30 సెకన్లు. ఇరవై సెకన్ల తేడా, నేల మీద 600 మీటర్లు. తప్పు ఎవరిదో లెక్కే చెబుతోంది.

ఎర్రమట్టి: మీరు చుక్క పెట్టలేదు. మెసేజ్ ఇంకా నా దగ్గరుంది. "18 04 500" అని ఖాళీలు వదిలి రాశారు. చుక్క ఏదీ?

కొండదారి: మూడంకెలున్నాయంటే సెకన్లు కావని తెలియాలి. సెకన్లు అరవై దాటవు.

ఎర్రమట్టి: చీకటి పడుతుంటే, ముగ్గురు ఆడపిల్లలతో, అంతంత మాత్రం సిగ్నల్‌లో ఆ పరీక్ష రాయాలా నేను?

లెక్కలపంతులు: ఇద్దరూ ఒక్క మాట. సెట్టింగ్స్‌లో మ్యాప్ డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు ఏ కొలత ప్రకారం లెక్కించాలనేది, ఏముంది? పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (కొండలు, వాగులు చూపే కాగితం మ్యాపులు) ఎవరెస్ట్ అనే పాత డేటమ్ లెక్కలో ఉంటాయి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటమ్ అంకెల్ని వాటి మీద పెడితే మన వైపు వంద మీటర్ల పైనే పక్కకి పోతుంది.

ఎర్రమట్టి: మా దగ్గర టోపోషీట్ లేదండీ. ఇక్కడ డేటమ్ గొడవ లేదు. నేను ట్రాక్ ఫైల్ (నడిచిన దారిని గీతగా దాచిన ఫైల్) పంపమని ముందు రోజు మూడుసార్లు అడిగా. ఫైల్ ఉంటే ఎవరూ ఏ అంకే కొట్టక్కర్లేదు, గీత వెంట నడవడమే. "కేబుల్ పాతది, కంప్యూటర్‌కి తగలదు" అన్నారు. నా అభ్యంతరం ఇదే. ఒక్కరి చేతిలో డబ్బా, మిగతా పద్నాలుగు మంది ఆయన వీపు చూసుకుంటూ నడవాలి.

భీమిలితెప్ప: మా నాన్న బోటులో ఇలాంటిదే, కాస్త పెద్దది ఉంది. ఉప్పునీళ్లు తగలకుండా పాలిథిన్ కవర్లో చుట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి పెడతాడు. ఇన్‌కాయిస్ (హైదరాబాద్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ) వాళ్లు చేపల చోట్లు అక్షాంశం, రేఖాంశం, లోతుతో చెబుతారు. ఒక్క అంకె తప్పు కొడితే డీజిల్ దండగ. అందుకని నేను చదువుతుంటే ఆయన కొట్టి, తిరిగి నాకు చదివి వినిపిస్తాడు.

కొండదారి: కేబుల్ ఉంది. అది పాతకాలం సీరియల్ పోర్టుది, దానికి యూఎస్‌బీ ముక్క తగిలిస్తే ఫైల్ వస్తుంది. నేనే ఇవ్వలేదు.

2016లో ఆ పక్క లోయలోనే ఒక ఊట దారి ట్రాక్ నెట్‌లో పెట్టాను. సంతోషంతోనే పెట్టాను. రెండేళ్లకి వెళ్తే ఊట చుట్టూ సీసా పెంకులు, డిస్పోజబుల్ ప్లేట్లు. కింద గూడెం వాళ్లు తాగేది ఆ నీళ్లే. ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి, బిందెలో ఉన్న నీళ్లు నా ముందు ఒలకబోసి చూపించాడు. అడుగున నూనె తేలిన మసాలా ముద్ద. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఏ ఫైలూ ఎవరికీ ఇవ్వలేదు. ఈ డబ్బాలో ఉన్నది ఈ డబ్బాలోనే ఉంటుంది. ఫోన్‌లో పడిందంటే పది గ్రూపుల్లో పడినట్టే.

ఎర్రమట్టి: ఇది ఆ రోజే చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని. కేబుల్ తగలదని ఎందుకన్నారు? నీళ్లు పాడవకూడదన్నది నిజమే. దానికి మా చెల్లి దారి తప్పాలా?

భీమిలితెప్ప: మా నాన్న వంజరం పడే రాళ్ల చోట్లు అన్నదమ్ములకి కూడా చూపించడు. కానీ ఎటు వెళ్తున్నాడో, ఎప్పుడు తిరిగొస్తాడో పక్క బోటు వాళ్లకి చెప్పకుండా తెప్ప కదల్చడు.

కొండదారి: ఆ రాత్రి ఏడింటికి మీరు రాకపోతే నేను టార్చ్ పట్టుకుని గెడ్డ దాకా రావాల్సింది. వస్తారులే అనుకుని వంట దగ్గర కూర్చున్నా. అది నా తప్పు. చుక్క సంగతి కూడా ఒప్పుకుంటున్నా.

తడిచెప్పులు గారూ, మీరు రెండూ తీసుకెళ్లండి. డబ్బాలో, ఫోన్‌లో ఒకే రకం డిగ్రీల లెక్క పెట్టుకోండి. బయలుదేరిన చోటు ముందే సేవ్ చేసుకోండి. ఆగి నిలబడితే దాని బాణం దిక్కు చూపదు, నడుస్తుంటేనే చూపిస్తుంది.

తడిచెప్పులు: అలాగేనండీ. మీరు వెళ్లిన ఆ దారి ఫైల్ మాకు దొరుకుతుందా?

కొండదారి: వెళ్లే వాళ్లందరూ, తిరిగొచ్చాక చెరిపేస్తామని పేరు పేరునా రాసిస్తే ఇస్తా.

ఎర్రమట్టి: అందరి చేతా రాయించడం నా వల్ల కాదు మాస్టారూ. నా మటుకు నేను రాసిస్తా. మా చెల్లి కూడా రాస్తుంది.

గుంటూరుశ్రీ: ధర ఎవరూ చెప్పలేదండీ.