చిన్న ఫిలిం ఫెస్టివల్‌కి పాస్ తీసుకున్నా, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కొత్త ప్రేక్షకుడు:
లకడీకాపూల్ వైపు ఓ ప్రివ్యూ థియేటర్‌లో శని, ఆదివారాలు ఫెస్టివల్ ఉంది. అన్నీ అప్పట్లో ఆడనివి, ఇప్పుడెవరూ తలవనివి. రోజుకి ఐదు షోలు. అన్నీ చూడటం కుదురుతుందా? శనివారం సాయంత్రం ‘ఒక ఊరి కథ’, అదే టైముకి పక్క హాల్లో ‘అనుగ్రహం’ వేస్తున్నారు. ఏది వదలాలి?

మూడో వరస:
ఐదూ పెట్టుకోకండి. మూడు దాటాక కళ్ళు చూస్తుంటాయి గానీ బుర్రకి ఏదీ ఎక్కదు. నెమ్మదిగా నడిచే సినిమా పొద్దున చూడండి, భోజనం చేసొచ్చి మాత్రం వద్దు. షెడ్యూల్లో టైములు నమ్మి షోకీ షోకీ మధ్య పది నిమిషాలే వదిలితే దెబ్బతింటారు. ముందు పరిచయం ఉంటుంది, ఎడిటరో కెమెరామనో వస్తే తర్వాత అరగంట ప్రశ్నలు. మొదటి షో లేటైతే ఆ ఆలస్యం రాత్రి దాకా సాగుతుంది.

పాస్ ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు, 20 నిమిషాల ముందే వెళ్ళండి. ఇలాంటి హాళ్ళలో నేల వాలు తక్కువైతే ముందువాళ్ళ తలలు సబ్‌టైటిల్స్‌కి అడ్డొస్తాయి. నడవ పక్క సీటు మేలు.

రీలు డబ్బా:
ఒక్కో సినిమా ఏ ఫార్మాట్‌లో వేస్తున్నారో ముందే అడగండి. డీసీపీ (థియేటర్ సర్వర్‌లోంచి వేసే డిజిటల్ కాపీ) అయితే బొమ్మ బావుంటుంది. కాకపోతే దానికి తాళం వేసి ఉంటే, ఆ హాలు సర్వర్‌కీ ఆ టైముకీ ఇచ్చిన కేడీఎం అనే తాళంచెవి ఫైలు లేందే తెరుచుకోదు. షో వేళ మార్చి కొత్త కేడీఎం తెప్పించడం మర్చిపోతే, జనం సీట్లలో, సినిమా సర్వర్‌లో. పాత డీవీడీ వేస్తే ఇంకో తంటా. పాల్ (మన పాత టీవీ పద్ధతి) డిస్క్ సెకనుకి 25 ఫ్రేములు, సినిమా తీసింది 24. అందుకే రెండు గంటల సినిమా దాదాపు ఐదు నిమిషాలు ముందే అయిపోతుంది, గొంతులు కాస్త సన్నగా వినిపిస్తాయి. 35 ఎంఎం ప్రింటు, ఒకటే ప్రొజెక్టర్ అయితే రీలు మార్చినప్పుడల్లా ఆగుతుంది. 2000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు.

దాదాపు చదరపు ఫ్రేములో తీసిన పాత సినిమాకి తెర అటూ ఇటూ నల్లగా మిగలడం తప్పు కాదు. మొహాలు వెడల్పుగా సాగినా, తలలు తెగినా మాత్రం తప్పే. మొదటి ఐదు నిమిషాల్లోనే వెళ్ళి వాలంటీర్‌కి చెప్పండి. ఇంటర్వెల్‌లో చెప్తే సగం సినిమా పోయినట్టే.

కొత్త ప్రేక్షకుడు:
థాంక్స్ అన్నా. మరి ఆ రెండిట్లో?

రీలు డబ్బా:
రెండూ డీసీపీ అయితే ‘ఒక ఊరి కథ’. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ని మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీశారు. వాసుదేవరావు నటన కోసమైనా చూడాలి. ‘అనుగ్రహం’ని శ్యామ్ బెనెగల్ హిందీలో ‘కొండురా’గానూ తీశారు, కనీసం ఆ వెర్షన్ అయినా వెతుక్కోవచ్చు. కెమెరా గోవింద్ నిహలానీ. ‘అనుగ్రహం’ 35 ఎంఎం ప్రింటైతే మాత్రం నా ఓటు అటే.

మియాపూర్ లైను:
బండి తేవద్దు బ్రో, పార్కింగ్ దొరికేలోపే సినిమా పరిచయం అయిపోతుంది. లకడీకాపూల్, అసెంబ్లీ రెండు స్టేషన్లూ మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో లైన్లోనే. చివరి రైలు టైము ముందే చూసుకో, ఆఖరి షో ప్రశ్నలు దాన్ని దాటిపోతాయి. ఏసీకి శాలువా మర్చిపోకు.